ఆరు అనుమానాలు

బుధవారం ఉదయం సుభాషిణి ఆఫీసు లిఫ్టులో మూడో అంతస్తు బటనుకీ నాలుగో అంతస్తు బటనుకీ మధ్య కొత్త బటను ఒకటి ఉంటుంది. దాని మీద నూకరత్నం అని రాసి ఉంటుంది. అక్షరాలు మిగతా అంకెలంత సైజులోనే ఉంటాయి, వాటి చుట్టూ అదే ఎర్ర వెలుగు.

లిఫ్టులో ఉన్న నలుగురూ దాన్ని చూస్తారు. చూసి తమ తమ అంతస్తులు నొక్కుకుంటారు. ఊడ్చే పని చేసే అప్పయ్యమ్మ మాత్రం, ఆ అంతస్తు వచ్చి వారమైందనీ, తను రోజూ తడిబట్ట పెడుతున్నాననీ, నేల ఎంత తుడిచినా వెచ్చగానే ఉంటోందనీ చెబుతుంది. సుభాషిణి నాలుగు నొక్కి, తన చెప్పుల వంక చూస్తూ పైకి పోతుంది.

నూకరత్నం ఎవరో ఆమెకు తెలుసు. మనిషిని చూడలేదు, కాగితాల్లో చూసింది. నలభై ఆరేళ్ళు. విశాఖపట్నంలో సిటీ బస్సు కండక్టరు. పదిహేను రోజుల కిందట పిత్తాశయంలో రాళ్ళున్నాయని ఆపరేషన్ చేసి మర్నాడే ఇంటికి పంపారు. మూడో రోజుకి జ్వరం వచ్చింది, కడుపు చెక్కలా బిగుసుకుపోయింది. మళ్ళీ కోసి చూస్తే పేగు మీద మిరియపు గింజంత మేర కాలి, చిల్లు పడి ఉంది. ఇప్పుడామె పొట్ట పక్కన మలం పట్టే సంచి తగిలించుకుని ఆస్పత్రి మంచం మీద ఉంది. ఆ పేగును కాల్చిన పరికరం ఈ ఆఫీసులోనే తయారైంది. దానికి బుద్ధి పెట్టింది సుభాషిణి.

గురువారం ఆమె లిఫ్టు మానేసి మెట్లెక్కుతుంది. మూడుకీ నాలుగుకీ మధ్య ఎప్పుడూ ఇరవై రెండు మెట్లే. గురువారం అరవై ఉంటాయి. శుక్రవారం మధ్యలో ఒకచోట కూర్చుని తెచ్చుకున్న ఇడ్లీలు తింటుంది. శనివారం తన సీటు దగ్గరకు చేరేసరికి భోజనాల వేళ అవుతుంది, హాజరు పట్టీలో సగం రోజు సెలవు పడుతుంది. అడిగినవాళ్ళకు మోకాళ్ళ నొప్పులని చెబుతుంది. ఈమధ్య ఆమెకు అబద్ధాలు సులువుగానే వస్తున్నాయి. మొదటిదాన్ని మాత్రం చాలాసేపు కూర్చుని రాయాల్సి వచ్చింది.

ఆ పరికరం కరెంటుతో కోసే కత్తి. ఆస్పత్రుల్లో కాటరీ అంటారు. డాక్టరు కాలితో పెడల్ నొక్కితే కొన వేడెక్కి కోస్తుంది, కోసిన చోట నెత్తురు ఆపుతుంది. మామూలు కాటరీకి తను ఏది ముట్టుకుంటోందో తెలియదు. కొవ్వయినా పేగయినా దానికొకటే. సుభాషిణి ఆరేళ్ళు కూర్చుని ఈ కత్తికి స్పర్శ నేర్పింది. కొన తగిలిన చోట కరెంటు ఎంత సులువుగా పారుతోందో, ఎక్కడ బిగదీసుకుంటోందో అది సెకనుకి ఇరవైసార్లు చూసుకుంటుంది. ఇది కొవ్వు, ఇది కండ, ఇది పేగు అని పోల్చుకుంటుంది. పేగేమోనన్న అనుమానం ఒక్కటి వచ్చినా చాలు, డాక్టరు కాలు పెడల్ మీదే ఉన్నా సరే, కరెంటు దానంతట అదే ఆగిపోయేది.

చిక్కల్లా అక్కడే వచ్చింది. కొనకు కాస్త మసి అంటినా కత్తి అనుమానపడేది. డాక్టర్లు విసుక్కున్నారు. ఇంత పిరికి కత్తితో పనెలా చేస్తామన్నారు. ఒక శుక్రవారం మీటింగు అయ్యాక సుభాషిణి తన సీట్లో కూర్చుని, ఒకటి అన్నచోట ఏడు అని మార్చింది. అనుమానాలు వరసగా ఏడు వస్తేనే కత్తి ఆగాలి. మూడువందల మేకపేగు ముక్కల మీద పరీక్షించారు, ఒక్కటీ చెడలేదు. డాక్టర్లు సంతోషించారు. ఆమె పైఅధికారి పట్నాయక్ గారు తర్వాతి మీటింగులో ఆమె పేరు రెండుసార్లు చెప్పారు.

నూకరత్నం ఆపరేషన్ నాడు కత్తి దాచుకున్న రికార్డును సుభాషిణే తెరిచింది. అందులో వరసగా ఆరు అనుమానాలున్నాయి. ఏడోది లేదు.

చిల్లు ఎలా పడిందో తేల్చే విచారణకు పంపిన కాగితంలో ఆమె ఒకే వాక్యం రాసింది. పరికరం నిర్ణయించిన పద్ధతి ప్రకారమే పనిచేసింది. అందులో ఏ మాటకా మాట నిజమే. అది చదివినవాళ్ళంతా తప్పు పెడల్ నొక్కిన కాలిదేనని అనుకున్నారు. ఆ కాలు డాక్టర్ ఫిలోమినాది. ఆవిడను ఆపరేషన్ థియేటరు వైపు రావద్దన్నారు.

సోమవారం మెట్ల దగ్గరకు వెళితే మెట్లు ఉండవు. ఆ చోట గోడకు కొత్తగా సున్నం కొట్టి ఉంటుంది. సుభాషిణి లిఫ్టు ఎక్కి నూకరత్నం నొక్కుతుంది.

తలుపు తెరుచుకోగానే వెచ్చటి గాలి మొహానికి తగులుతుంది. ఎదురుగా పొడవాటి నడవా. గోడలు లేత గులాబీ రంగులో, తడిగా, మెల్లగా ముడుచుకుంటూ విప్పుకుంటూ ఉంటాయి. మొదట్లోనే ఒంటి సీటు మీద, చీర మీద ఖాకీ చొక్కా తొడుక్కుని, మెళ్ళో టికెట్ల మిషనుతో నూకరత్నం కూర్చుని ఉంటుంది. తన కడుపులోకి తనే వచ్చి కూర్చుంది. వార్డులో గాలాడదనీ, ఇక్కడైతే తనదన్న చోటుంటుందనీ చెబుతుంది.

"ఎందాకా, మేడం?"

"కాలిన చోటు దాకా."

"అది ఆకరి స్టేజీ కాదు, మజ్జిలో దిగాల. నాను కేకేస్తాను లెండి."

టికెట్ కొట్టి ఇస్తుంది. దాని మీద తేదీ ఆపరేషన్ రోజుదే ఉంటుంది. సుభాషిణి దాన్ని చేతిలో పట్టుకుని నడుస్తుంది, నూకరత్నం ఒక చేత్తో పొట్ట పట్టుకుని వెనక వస్తుంది.

కాగితాల ప్రకారం ఆ నడవా ఇరవై అడుగులు. వాళ్ళు ఇరవై అడుగులు వేసేసరికి మరో నలభై మిగిలి ఉంటాయి. ఎడమవైపు ఒక గది ఖాళీగా ఉంటుంది. గోడకు మేకు, దాని కింద క్యాలెండరు తీసేసిన గుర్తు. అందులో ఉండేవాడిని ఖాళీ చేయించేశారనీ, రాళ్ళు పోగేసుకుని ఒకటే గొడవ చేసేవాడనీ నూకరత్నం చెబుతుంది. పక్క గదిలో బరువైన మనిషెవరో పడుకుని, నిద్రలోనే పని చేసుకుంటూ ఉంటాడు. ఆ గదిలోంచి వంటింటి వేడి వస్తుంది. అది కాలేయమని సుభాషిణి పోల్చుకుంటుంది. పోల్చుకోవడం ఆమె వృత్తి.

"దిగండి, మేడం. మీ స్టేజీ వచ్చీసినాది."

గోడలో మిరియపు గింజంత చిల్లు ఉంటుంది. దాని అంచు తెల్లగా, ఉడికిన గుడ్డులా ఉంటుంది. చిల్లులోంచి సన్నటి వెలుగు నేల మీద పడుతుంది. చిల్లు పక్కన ఒక చెక్క బల్ల, దాని మీద ఆరుగురు వరసగా కూర్చుని ఉంటారు. అందరూ ఇస్త్రీ బట్టల్లో ఉంటారు. ఎప్పుడో అర్జీ పెట్టుకుని, పిలుపు కోసం చూసి చూసి, ఇక లేవడం మరిచిపోయినవాళ్ళలా ఉంటారు.

వాళ్ళెవరో సుభాషిణి అడగదు. వాళ్ళను రికార్డులో చూసింది. అక్కడ ఆరు గీతలుగా ఉన్నారు.

అందరికంటే ముందు కూర్చున్న ముసలావిడ, తను మొదటి అనుమానాన్నని చెబుతుంది. ఆ రోజు అందరికన్నా ముందు పరిగెత్తింది తనేనట. ఇది కొవ్వు కాదు, పేగులా ఉంది, ఆపండి అని చెప్పిందట. కత్తి మర్యాదగానే విని, కూర్చోమన్నదట. తర్వాత రెండోవాడు వచ్చాడు, అతన్నీ కూర్చోమంది. ఆరుగురూ వచ్చారు. ఆరుగురి మాటా ఒకటే. ఏడోవారు కూడా వస్తేగాని ఆపడానికి లేదని కత్తి చెప్పిందట. రూలు అలా ఉందట.

"కత్తినేమీ అనమమ్మా," అంటుంది ముసలావిడ. "అది రూలే చదివింది. ఏడోవారు ఎవరో మీకు తెలుసేమోనని అడుగుతున్నాను."

"తెలియదండి."

"రూలు మార్చిన రోజు మీకేమీ అనిపించలేదా?"

సుభాషిణి బల్ల వంక చూస్తుంది. చివరన ఒక మనిషి కూర్చునేంత చోటు ఉంది. ఆ శుక్రవారం ఆమెకు అనిపించింది. ఏడు అని కొట్టాక ఆమె వేలు మీట మీద ఆగింది. పేగు పొర మరీ పలచన కదా, ఏడు దాకా తట్టుకుంటుందా అని అనిపించింది. సోమవారం చూద్దాంలే అనుకుంది. కింద ఆఫీసు బస్సు హారన్ కొడుతోంది. సోమవారం వేరే పని వచ్చింది.

"అనిపించింది," అంటుంది.

ఆరుగురూ కొంచెం జరిగి ఆమెకు ఇంకాస్త చోటిస్తారు. అంతకంటే వాళ్ళు తిట్టినా బాగుండేదనుకుంటుంది.

నూకరత్నం చిల్లు దగ్గర ఒంగి, కొంగుతో దాని అంచు తుడుస్తూ ఉంటుంది. చాలాసేపటి నుంచి ఏదో అడగాలని చూస్తున్నట్టుంటుంది. చివరికి వెనక్కి తిరక్కుండానే అడుగుతుంది.

"మేడం, ఒక మాట. మత్తులో నాను కదిలీసినానేటి? మా ఆయన అదే అంటన్నాడు. నీకు పడుకున్నా కుదురుండదు, బస్సులో ఊగినట్టు ఊగుంటావు, అందుకే తగిలీసుంటాది అంటన్నాడు. డాక్టరమ్మకి మాటొచ్చిందట గదా నా వల్ల. నిజం చెప్పండి. నాను కదిలానా?"

గోడలు ముడుచుకోవడం మానేసి వింటున్నట్టుంటాయి. ఇన్నాళ్ళూ తన తప్పును డాక్టరు మీదికి తోశానని మాత్రమే సుభాషిణి అనుకుంటోంది. అది అక్కడితో ఆగలేదనీ, దొర్లుకుంటూ మంచం మీద పడుకున్న మనిషి దాకా వచ్చిందనీ ఆమెకు ఇప్పుడే తెలుస్తుంది.

"మీరు కదల్లేదు. డాక్టరుగారూ తప్పు చెయ్యలేదు. కత్తి ఒక్క అనుమానానికే ఆగాలి. నేను దాన్ని ఏడు చేశాను. ఆ రోజు ఆరు వచ్చాయి."

నూకరత్నం లెక్క చూసుకుంటున్నట్టు బల్ల మీద వాళ్ళను ఒక్కొక్కరినే చూస్తుంది.

"మరిప్పుడు ఎంత పెట్టారు?"

"ఏడే ఉంది."

"ఇంకా ఏడేనేటి?"

సుభాషిణి చేతిలోని టికెట్టును మడత పెడుతుంది.

"మరి ఈయేల ఎవుల్ని కోస్తన్నారు?" అంటుంది నూకరత్నం. గొంతులో కోపం ఉండదు. బస్సులో వెనక సీట్లవాళ్ళను టికెట్ తీసుకున్నారా అని అడిగినట్టు అడుగుతుంది. "ఎల్లండి మేడం. బేగి ఎల్లండి. నా కాడ కూకుంటే ఏటొస్తాది?"

తిరిగి వెళ్ళేటప్పుడు నడవా ఇరవై అడుగులే ఉంటుంది.

సుభాషిణి సీట్లో కూర్చుని ప్రోగ్రాం తెరుస్తుంది. ఏడు అన్న అంకె తుడవడానికి ఒక వేలు చాలదు. రెండు అరచేతులూ మీట మీద పెట్టి, లేచి నిలబడి, ఒంటి బరువంతా వేసి పావుగంట నొక్కితే అది పోతుంది. ఒకటి మాత్రం ముట్టుకోగానే పడుతుంది. తర్వాత కొత్త నివేదిక రాస్తుంది. ఈసారి అది నాలుగు పేజీలు వస్తుంది. ఎవరు మార్చారో, ఏ రోజు మార్చారో, మార్చేటప్పుడు ఏమనిపించిందో అన్నీ ఉంటాయి. విచారణ చేస్తున్నవాళ్ళకు పంపేశాక, ఒక ప్రతి పట్నాయక్ గారి గదికి తీసుకువెళుతుంది.

పట్నాయక్ గారు మంచి మనిషి. ఆమెను కూర్చోమని, మంచినీళ్ళు తెప్పిస్తారు. ఆమె చెప్పడం మొదలుపెట్టగానే తన రెండు చెవులూ తీసి సొరుగులో పెడతారు. చెవులు లేనిదే కళ్ళద్దాలు నిలవవు గనక అవి కూడా తీసి సొరుగులో పెడతారు. అందువల్ల ఆమె ఇచ్చిన కాగితం చదవలేకపోతున్నందుకు బాధపడతారు.

"ఆ ఏడు మీరొక్కరే పెట్టలేదండీ," అంటారాయన. "మనందరం కలిసే కదా అడిగాం. దాన్నలా మనందరిలోనే ఉండనివ్వండి."

"అడిగింది అందరూ అండి. మార్చింది నేను," అంటుంది సుభాషిణి. సొరుగు మూసి ఉంది కాబట్టి ఆ మాట బల్ల మీదే ఉండిపోతుంది. మర్నాడు దాన్ని అప్పయ్యమ్మ తుడుస్తుంది.

ఆమె ఫోను పట్టుకుని కూర్చుంటుంది. ఆ కత్తులు నలభై ఒక్క ఆస్పత్రుల్లో నూట పద్నాలుగు ఉన్నాయి. ఒక్కొక్క థియేటరుకీ ఫోను చేసి, మా మనిషి వచ్చి సరిచేసేదాకా కత్తి పక్కన పెట్టండని చెబుతుంది. చాలా చోట్ల సరేనంటారు. ఒకచోట విసుక్కుంటారు. శ్రీకాకుళం వైపు ఒక ఆస్పత్రిలో నర్సు, ఇప్పుడే ఒకాయన పొట్ట తెరిచారనీ, కత్తి డాక్టరుగారి చేతిలోనే ఉందనీ, ఒక్క నిమిషం ఉండమనీ అంటుంది. ఆ నిమిషం చాలా పొడుగ్గా ఉంటుంది. సుభాషిణి చేతి గాజులు వదులై జారి కింద పడతాయి, ఆమె జుట్టు భుజాల కిందికి పెరుగుతుంది. చివరికి నర్సు వచ్చి, కత్తి పక్కన పెట్టేశారనీ, మామూలుదానితో చేసుకుంటున్నారనీ చెబుతుంది.

"రిజిస్టర్లో కారణం రాయాలి మేడం. లోపం ఎవరిదని రాయను?"

"రొంగలి సుభాషిణి అని రాయండి. రొంగలి ఇంటిపేరు."

మధ్యాహ్నం ఆమె డాక్టర్ ఫిలోమినా ఇంటికి వెళుతుంది. తలుపు తీసే ఉంటుంది. డాక్టరు హాల్లో కుర్చీలో కూర్చుని ఉంటారు. కుడికాలు పసుప్పచ్చ పెడల్ మీద ఉంటుంది. పెడల్ తీగ కిటికీలోంచి బయటికి వెళ్ళి, వీధి దాటి, కరెంటు స్తంభాల పక్కనుంచి ఆస్పత్రి దాకా పోతూ ఉంటుంది. పక్కన స్టూలు మీద సగం తిన్న అన్నం కంచం, బైబిలు, దువ్వెన ఉంటాయి.

"లేవలేను, ఏమనుకోకండి," అంటారావిడ. "ఇరవై రోజులుగా కాలు దీని మీదే ఉంది. ఆ రోజు నేను తీశానో లేదో గుర్తు రావడం లేదు. తీశాననే అనుకుంటాను. మళ్ళీ చూస్తే ఇక్కడే ఉంటుంది."

"తీశారండి. ఆగనిది నేను రూలు మార్చిన కత్తే. పేగు తగలగానే తీశారు. రికార్డులో ఉంది, నేను చూశాను."

"ఎప్పుడు చూశారు?"

"ఆపరేషనయిన నాలుగో రోజు."

డాక్టర్ ఫిలోమినా ఆమెను చూస్తారు. నాలుగో రోజు నుంచి ఇరవయ్యో రోజు దాకా ఎన్ని పొద్దులున్నాయో, ఆ పొద్దులన్నీ ఆ చూపులో ఉంటాయి. సుభాషిణి నేల మీద మోకాళ్ళ మీద కూర్చుంటుంది. రెండు చేతులతో ఆ పాదం పట్టుకుని పైకెత్తుతుంది. అది ఇసుక మూటలా బరువుగా, చల్లగా ఉంటుంది. అరికాలి నిండా పెడల్ గీతలు అచ్చు పడి ఉంటాయి. పాదం లేవగానే ఊరి అవతల ఎక్కడో ఒక దీపం ఆరిన చప్పుడు వినిపిస్తుంది.

"మిమ్మల్ని క్షమించానని మాత్రం అనను," అంటారు డాక్టరు.

"వద్దండి."

"టీ తాగి వెళ్ళండి."

ఆవిడ లేచి, గోడ పట్టుకుని, ఇరవై రోజుల తర్వాత వంటింట్లోకి నడుస్తారు. ఆ టీలో చక్కెర ఉండదు. సుభాషిణి అడగదు, తాగుతుంది.

మర్నాటి నుంచి ఆఫీసుకు రావద్దని ఆమెకు కబురు వస్తుంది. డాక్టరును గురువారం థియేటరుకు పిలుస్తారు. నూకరత్నం పొట్ట పక్క సంచి మూడు నెలల్లో తీసేయవచ్చని అంటారు. మూడు నెలలు ఎవరు తగ్గించాలన్నా తగ్గవు, అవి తొంభై రోజులే. నూకరత్నం భర్తకు మాత్రం సుభాషిణి స్వయంగా ఆస్పత్రికి వెళ్ళి, ఆమె కదల్లేదని చెప్పి వస్తుంది. అతను సరేనంటాడు. బయట వరండాలో నిలబడి చాలాసేపు ముక్కు చీదుకుంటాడు.

ఆస్పత్రి నుంచి ఆమె బీచ్ రోడ్డు వైపు నడుస్తుంది. సాయంత్రం నాలుగైనా ఎండ గట్టిగానే ఉంటుంది. రోడ్డు మీద బస్సులు ఆగి ఉంటాయి. నూట పద్నాలుగు కత్తులు, నలభై ఒక్క ఆస్పత్రుల నుంచి, తీగలు వెనక ఈడ్చుకుంటూ వరసగా రోడ్డు దాటుతుంటాయి. ట్రాఫిక్ పోలీసు చెయ్యెత్తి వాటికి దారి ఇస్తాడు. అవి దేన్నీ కోయవు. దారిలో స్తంభాన్ని ముట్టుకుంటాయి, కొబ్బరిబోండాల బండిని, నిద్రపోతున్న కుక్క చెవిని, ఒక పెద్దాయన చేతికర్రను ముట్టుకుంటాయి. తెలియని ప్రతిచోటా ఒక్కసారి సందేహించి, పక్కకు తప్పుకుంటాయి.

ముందున్న కత్తి ఇసుక దిగి నీళ్ళ దాకా వెళుతుంది. ఒక అల వస్తూ ఉంటుంది. కత్తి దాని అంచును కొనతో ముట్టుకుంటుంది.

అల ఆగిపోతుంది. దాని వెనకాలది కూడా, దాని వెనకాలది కూడా. చూపు ఆనినంత మేర సముద్రం లేచింది లేచినట్టుగా, పడబోయింది పడబోతున్నట్టుగా నిలబడుతుంది. చప్పుడు ఉండదు. అలలో చేపలు కళ్ళు తెరిచి నిలబడి ఉంటాయి. ఒడ్డున ఉన్నవాళ్ళు కాసేపు చూసి, చెప్పులు వెతుక్కుని, చంటిపిల్లలను ఎత్తుకుని ఇళ్ళకు బయల్దేరతారు. మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆమె, అల నీడ బాగుందని బండిని దాని కిందికి జరుపుకుంటుంది.

సుభాషిణి అల ముందు నిలబడి దాని మీద అరచెయ్యి ఆనిస్తుంది. అది ఒంటి వేడి అంత వెచ్చగా ఉంటుంది. దాని చర్మం కింద ఏదో ఒకటి మెల్లగా, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు కొట్టుకుంటూ ఉంటుంది. ఇది నీరు కాదేమోనని ఆమెకు అనిపిస్తుంది. సోమవారం చూద్దాంలే అని ఈసారి అనుకోదు. ఆమె తలకు రెండు నిలువుల ఎత్తున, అల అంచు మీద, తెల్లచీర కట్టుకున్న సముద్రం ఒంగి, ఊపిరి బిగపట్టి, ఆమె చెయ్యి తీయడం కోసం చూస్తూ ఉంటుంది. ఆమె తీయదు.